కొండకు అవతలి మనుషులు

అంటువ్యాధి ప్రబలినప్పుడు ప్రభుత్వం రోగులను వేరుగా ఉంచవచ్చునా? ఉంచవచ్చు. ప్రజల ప్రాణాలు కాపాడడం దాని ధర్మం. అయితే మన క్షేమం కోసం వేరుగా ఉన్న ఆ మనిషికి మనం ఏమి బాకీ పడ్డాం? ఫాదర్ డామియన్ జీవితమే దీనికి జవాబు.

ఆయన 1840 జనవరి 3న బెల్జియంలోని ట్రెమెలో గ్రామంలో జన్మించారు. 1864లో మిషనరీగా హవాయి దీవులకు చేరి, ఆ ఏడే హోనలూలులో గురువుగా అభిషేకం పొందారు. మరుసటి సంవత్సరం ఆ రాజ్యం కుష్ఠువ్యాధిని అరికట్టడానికి చట్టం చేసింది. అప్పటికి ఆ రోగానికి మందు లేదు. రోగం ఉందని తేలినవారిని మొలొకాయి దీవికి పంపేవారు. అక్కడ మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నిటారు కొండ. తల్లులు బిడ్డలకు దూరమయ్యారు. చేతివేళ్లు పోయినవారు తమ పంట తామే పండించుకోవాలని అధికారులు ఆశించారు!

1873 మే 10న డామియన్ అక్కడ అడుగుపెట్టారు. రోగులతో కలిసి ఇళ్లు కట్టారు, నీళ్లకు గొట్టాలు వేయించారు, పుండ్లు కడిగి కట్లు కట్టారు. శవపేటికలు చేసి, గోతులు తవ్వి, మనుషులకు తగిన సమాధి ఇచ్చారు. కలప కోసం, మందుల కోసం అధికారులు విసిగిపోయేంతగా ఉత్తరాలు రాశారు.

ఆ చట్టం ఆయననూ కట్టివేసింది. ఒకసారి ఆయన పైఅధికారి ఓడలో వస్తే ఒడ్డుకు దిగనివ్వలేదు. డామియన్ చిన్న పడవలో ఓడ దగ్గరకు వెళ్లి, అందరూ వింటుండగా బిగ్గరగా తన పాపసంకీర్తనం చేసుకున్నారని చెబుతారు. 1884లో ఆయనకూ కుష్ఠు సోకిందని తేలింది. 1889 ఏప్రిల్ 15న, 49వ ఏట, తన ప్రజల మధ్యనే కన్నుమూశారు. 2009లో సంఘం ఆయనను పునీతునిగా ప్రకటించింది.

డామియన్ ఆ చట్టాన్ని రద్దు చేయించలేదు. చట్టం రోగిని ఊరికి దూరం చేయగలదు గాని, అతని ఇంటిని, వైద్యాన్ని, గౌరవాన్ని లాగుకొనే హక్కు దానికి లేదని బ్రతికి చూపించారు.

భయంతో చేసిన చట్టం భయం పోయినా పోదు. 1940లలో మంచి మందులు వచ్చినా, హవాయిలో ఆ నిర్బంధం 1969 వరకు సాగింది. దాదాపు ఎనిమిది వేలమంది అలా వెలి అయ్యారు. మన దేశం సంగతి? 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016లో గాని రద్దు కాలేదు. క్రైస్తవుల విడాకుల చట్టంలో సైతం 2019 వరకు కుష్ఠు ఒక కారణంగా నిలిచింది. మన సంఘాలలో ఎందరికి అది తెలుసు?

మరో తెగులు రావచ్చు. అప్పుడు నియమాలు పాటిద్దాం. అది పొరుగువానిపట్ల ప్రేమే. దానితోపాటు అడుగుదాం: ఈ నిర్బంధం ఎన్నాళ్లు? లోపలున్నవారికి అన్నం, మందు, సొంతవారి మాట అందుతున్నాయా? ప్రభువు కుష్ఠురోగిని చేయి చాపి ముట్టాడు. కనీసం మన గొంతైనా కొండకు అవతలికి చేరాలి.