కలీలా–దిమ్నా కర్త ఇబ్నుల్ ముఖఫ్ఫా

గత సంవత్సరము మా విద్యార్థులు కొందరు ఒక బొమ్మల చలనచిత్రమును చూచి వచ్చి, దాని కథను మాకు నవ్వుచు చెప్పినారు. 1998లో అమెరికాలో వెలువడిన ‘ఎ బగ్స్ లైఫ్’ అను ఆ చిత్రములో చీమలు మాటలాడును, మిడతలు బెదిరించును. మిడతల దండుకు ఏటేటా ధాన్యము కప్పము కట్టలేక విసిగిన చీమలలో ఒకటి, వీరులను వెదకుటకు బయలుదేరి, పొరపాటున సర్కస్ పురుగులను వెంటబెట్టుకొని వచ్చును. చీమ, మిడతల మూలకథ ఈసపునిదని మేము చెప్పితిమి. అప్పుడు ఒక విద్యార్థి, పురుగుల చేత మాటలాడించి పెద్దలకు బుద్ధి చెప్పిన వారు మనలో ఎవరును లేరా అని అడిగినాడు. ఆ ప్రశ్నకు సమాధానముగా ఒక మనిషి జీవితమును ఇచ్చట చెప్పదలచితిమి.

మా కళాశాలలో తెలుగు తరగతి గదికిని, ఉర్దూ తరగతి గదికిని నడుమ ఒక్క గోడయే అడ్డము. ఈ గదిలో కరటక దమనకులను నక్కలు సింహము కొలువున మంతనములాడుచుండగా, ఆ గదిలో అవే నక్కలు కలీలా, దిమ్నా అను పేర్లతో అవే మాటలు చెప్పుకొనుచుండును. ఈ గోడకు తలుపు పెట్టినవాడు ఇబ్నుల్ ముఖఫ్ఫా. క్రీస్తుశకము ఎనిమిదవ శతాబ్దిలో, ముప్పదియారేండ్లు మాత్రమే బ్రతికినాడని చెప్పబడు పారశీకుడు.

ఆయన పుట్టినది ఇరాన్ దేశమున ఫార్స్ సీమలోని జూర్ పట్టణము. నేడు దానిని ఫిరోజాబాద్ అందురు. తల్లిదండ్రులు పెట్టిన పేరు రూజ్‌బిహ్. తండ్రి దాదూయ ఉమయ్యద్ ప్రభువుల క్రింద పన్నులు వసూలు చేయు ఉద్యోగి. సర్కారు సొమ్ము అపహరించినాడని నేరము మోపి ఆయనను హింసింపగా చేయి ముడుచుకొని పోయినదట. అరబ్బీలో అట్టి చేయి గలవానిని ముఖఫ్ఫా అందురు. తండ్రి అనుభవించిన శిక్షయే కుమారునికి ఇంటిపేరైనది. సర్కారు కొలువు ఎట్టిదో తెలియుటకు ఆయనకు వేరొక పాఠము అక్కరలేదు. అయినను ఆయనయు ఆ కొలువులోనే చేరినాడు. ఇందుకు మేము ఆశ్చర్యపడము. చదువుకొన్న పారశీక యువకునికి ఆనాడు కలము పట్టి ప్రభువు కొలువున నిలుచుట తప్ప వేరొక దారి అంతగా లేదు.

బస్రా నగరమున అరబ్బీ భాషను ఎంతగా వశపరచుకొన్నాడనగా, తరువాతి తరముల వారు అరబ్బీ వచన రచనకు ఆద్యులలో ఆయనను లెక్కింతురు. మాతృభాష కాని భాషలో వచనమునకు బాట వేయుట సామాన్యమైన పని కాదు. ఇంట ఉర్దూ మాటలాడుచు తెలుగున ఎం.ఏ. చదివిన మావంటి వారికి ఆ శ్రమ కొంత తెలియును.

750లో ఉమయ్యద్‌ల రాజ్యము పోయి అబ్బాసీల రాజ్యము వచ్చినది. పాత ప్రభువుల లేఖకుడైన ఇబ్నుల్ ముఖఫ్ఫా క్రొత్త ఖలీఫా పినతండ్రులలో ఒకడైన ఈసా బిన్ అలీ ఆశ్రయము సంపాదించినాడు. ఆయన ఎదుటనే ఇస్లామును స్వీకరించి అబ్దుల్లా అను పేరు పొందినాడు. ఆ ముందటి రాత్రి భోజనమునకు కూర్చుండి పారశీకుల పాత ఆచారము చొప్పున మంత్రములు గొణుగుచుండగా, రేపు మతము మారువాడవు గదా, ఇదేమని ఈసా అడిగినాడట. ఏ మతమును లేక ఒక్క రాత్రియైనను గడుపుట తనకు ఇష్టము లేదని ఆయన బదులు చెప్పినాడట. ఈ ఒక్క మాటను పట్టుకొని కొందరు ఆయన విశ్వాసమును శంకించినారు. మాకు మాత్రము అందులో భక్తియే కనిపించును.

ఆయన కీర్తికి మూలమైన గ్రంథము కలీలా వ దిమ్నా. దాని ప్రయాణము మన దేశమునుండియే మొదలైనది. ఆరవ శతాబ్దిలో నౌషీర్వాన్ చక్రవర్తి పంపగా బుర్జూయ అను వైద్యుడు హిందూదేశమునకు వచ్చినాడు. చచ్చినవారిని బ్రతికించు మూలిక కొరకు వచ్చి వెదకి వేసారి, ఆ మూలిక ఒక పుస్తకమేయని పండితుల వలన గ్రహించినాడని ఫిర్దౌసీ షానామాలో కథ కలదు. ఆ పుస్తకమే పంచతంత్రము. బుర్జూయ దానిని పహ్లవీ భాషలోనికి మార్చినాడు. ఆ పహ్లవీ ప్రతి తరువాత నశించినది. దానిని చూచి ఇబ్నుల్ ముఖఫ్ఫా వ్రాసిన అరబ్బీ గ్రంథము నిలిచినది. గ్రీకు, హీబ్రూ, లాటిన్ భాషలకును, 1251 ప్రాంతమున స్పానిష్ భాషకును, 1570లో ఇంగ్లీషునకును ఈ కథలు చేరినది ఈ అరబ్బీ మూలమునుండియే. అక్బరు కొలువున అబుల్ ఫజల్ వ్రాసిన ‘ఇయారె దానిష్’ పారశీకమునకును, దాని మీదుగా ‘ఖిరద్ అఫ్‌రోజ్’ ఉర్దూకును మూలము అదియే. ఒక్క మనిషి కలము ఎండినచో ఎన్ని భాషల పిల్లలు ఈ కథలు వినకపోయెడివారో ఊహింపవచ్చును.

విద్యార్థి అడిగిన పురుగులు ఇందులో ఉన్నవి. ఒక ధనికుని పడకలో ఒక పేను చిరకాలముగా కాపురముండి, అతడు గాఢనిద్రలో ఉన్నప్పుడు మెల్లగా నెత్తురు త్రాగి, పట్టుబడక బ్రతుకుచుండెను. ఒక రాత్రి ఒక గోమారి అతిథిగా వచ్చినది. మన సంస్కృత కథలో అది నల్లి. వచ్చినదానికి మర్యాద తెలియదు, ఓపిక లేదు, చురుక్కున కుట్టినది. ధనికుడు లేచి దీపము తెప్పించి పక్క వెదకించినాడు. గోమారి ఎగిరిపోయినది. పేను దొరికినది, గోటి క్రింద చచ్చినది. నవ్వు పుట్టించు ఈ చిన్న కథను దిమ్నా సింహమునకు చెప్పును. నీ చెంత చేరిన ఎద్దు అట్టి అతిథియే సుమా అని సింహము చెవిలో విషము పోయుటకే చెప్పును. ఆ మాట నమ్మి సింహము నిరపరాధియైన ఎద్దును చంపును.

సంస్కృతమున ఆ నక్కకు శిక్ష లేదు, మంత్రిపదవి దక్కును. ఇబ్నుల్ ముఖఫ్ఫా ఇచ్చట ఆగలేకపోయినాడు. దిమ్నాను చెరలో పెట్టి, సాక్షులను పిలిపించి, విచారణ జరిపించి, తుదకు మరణశిక్ష వేయించు అధ్యాయమొకటి అరబ్బీలో అధికముగా కలదు. అది ఆయన స్వంత కల్పనయని పండితులలో పలువురి అభిప్రాయము. ఖలీఫాకు సలహాగా ఆయన వ్రాసిన ‘రిసాలతున్ ఫిస్సహాబా’ అను లేఖలోను ఇదే ఆరాటము కనిపించును. ఒక ఊరి న్యాయాధిపతి తీర్పునకు మరియొక ఊరి తీర్పు విరుద్ధముగా ఉన్నదనియు, వానినన్నిటిని పరిశీలించి ఒక్క ధర్మసంహిత ఏర్పరచుట మంచిదనియు, సైనికుల చేతికి పన్నుల వ్యవహారము ఇవ్వరాదనియు అందులో చెప్పినాడు. ఖలీఫా అట్లు చేయలేదు.

ఆ ఖలీఫా 754లో సింహాసనమెక్కిన అల్ మన్సూర్. ఆయన పినతండ్రియు మహావీరుడునైన అబ్దుల్లా బిన్ అలీ రాజ్యము తనదేయని తిరుగబడి, ఓడి, బస్రాలో సోదరుల ఇంట తలదాచుకొనెను. అతనికి అభయపత్రము కావలసి వచ్చినది. దానిని వ్రాయు పని ఇబ్నుల్ ముఖఫ్ఫాపై పడినది. సందులేకుండ వ్రాసినాడు. మాట తప్పినచో ఖలీఫా భార్యలకు విడాకులైనట్లే, బానిసలకు విముక్తి కలిగినట్లే, ప్రజలు చేసిన విధేయతా ప్రమాణము చెల్లనట్లే యని వ్రాసినాడు. ఖలీఫా ఆ పత్రము చదివి, వ్రాసినవాడెవడని మాత్రమే అడిగినాడట. లేఖకుని నేర్పే లేఖకుని నేరమైనది.

బస్రాకు క్రొత్తగా వచ్చిన అధికారి సుఫ్యాన్ బిన్ ముఆవియాకు ఆయనపై వేరొక కక్ష కలదు. సుఫ్యాన్ ముక్కు పెద్దది. ఇబ్నుల్ ముఖఫ్ఫా అతనిని చూచినప్పుడెల్ల, ముక్కునకును మనిషికిని కలిపి, ఇద్దరికి చెప్పునట్లు సలాము చెప్పెడివాడట. ఇట్టి వేళాకోళము చేయకుండిన బాగుండెడిదని మాకు తోచును. కాని ముక్కును గురించిన హాస్యమునకు ప్రాణము తీయుట ఎక్కడి న్యాయము? సుమారు 756–759 నడుమ ఒకనాడు సుఫ్యాన్ ఇంటిలోనికి పోయిన ఇబ్నుల్ ముఖఫ్ఫా మరల వెలికి రాలేదు. అవయవములు కోసి మండుచున్న పొయ్యిలో వేసినారని చరిత్రకారులు వ్రాసినారు. మతద్రోహియని నింద వేసినారు. అసలు కారణము అభయపత్రమేయని నేటి పరిశోధకులలో పలువురు తలచుచున్నారు. ఈసా ఫిర్యాదు చేసి సాక్షులను తెచ్చినాడు. ఆ తలుపు తీసికొని ఇబ్నుల్ ముఖఫ్ఫా సజీవుడై వచ్చినచో మీ గతి ఏమని ఖలీఫా సాక్షులనే అడిగినాడట. సాక్షులు మాట మార్చుకొన్నారు. దిమ్నా అను నక్కకు జరిగినంత విచారణయైనను దానిని వ్రాసినవానికి జరుగలేదు. ఎవరి కొరకు ఆ పత్రము వ్రాయబడెనో ఆ అబ్దుల్లా బిన్ అలీ చెరలో మరికొన్ని ఏండ్లు బ్రతికి, 764లో ఇల్లు కూలి మరణించినాడు.

ఇక మన నెల్లూరు సంగతి. అరబ్బీ దారిన పోకుండ, అవే కథలు పదునైదవ శతాబ్దిలో మన జిల్లాలోనే తెలుగు పద్యములైనవి. దూబగుంట నారాయణ కవి పంచతంత్రమును తెనిగించి ఉదయగిరి నేలిన బసవ భూపాలునికి అంకితమిచ్చినాడు. దూబగుంట అనగానే నేటివారికి తోచునది 1992 నాటి సారా వ్యతిరేకోద్యమము. అక్షరాస్యతా తరగతులలో సీతమ్మ కథ అను చిన్న పాఠము చదివిన స్త్రీలు సారా దుకాణముల మీదికి కదలినారు. కథలు పిల్లలకేనని తలచువారు ఆ ఊరి పేరును, ఈ పారశీకుని పేరును ఒక్కమారు కలిపి తలచుకొందురు గాక.

ప్రశ్న అడిగిన విద్యార్థి తెలుగు వాడు. ఉర్దూ శాఖలోని అతని మిత్రుడు ‘ఖిరద్ అఫ్‌రోజ్’ను, అతడు పంచతంత్రమును చేతబట్టుకొని, పేను కథను రెండు భాషలలో ప్రక్కప్రక్కన చదువ మొదలుపెట్టినారు. అచ్చట గోమారియా, ఇచ్చట నల్లియా అను వివాదము ఇంకను తేలలేదు.