దాదాభాయి నౌరోజీ: పక్షమును నియోజకులును

ఎన్నికల దినమున ఓటరు లిచ్చు తీర్పును లోకమెల్ల గమనించును. కాని యంతకు ముందే మరియొక తీర్పు జరిగిపోవుచుండును. ప్రజల యెదుట నిలువవలసిన అభ్యర్థి యెవరో రాజకీయపక్షము నిర్ణయించును. ఈ రెండు తీర్పులవలనను జయాపజయముల ననుభవించిన మహనీయుడు దాదాభాయి నౌరోజీ. ఆయన చరిత్రమును ఈ దృష్టితో పరిశీలించుట నేటివారికిని ప్రయోజనకరము.

1825లో పేద పార్సీ పురోహిత కుటుంబమున జన్మించిన దాదాభాయి, బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయమున గణితశాస్త్రాచార్యుడై, 1855లో వర్తకమునకై ఇంగ్లండు చేరెను. 1874లో బరోడా సంస్థానమునకు దివానుగ నుండెను. భారతదేశ సంపద ఏటేట సముద్రములు దాటి పోవుచున్నదని లెక్కలతో నిరూపించిన ఆయనకు, దాని నరికట్టు అధికారము లండను పార్లమెంటు చేతిలోనే యున్నదని స్పష్టమయ్యెను. కావున 1886లో లిబరలు పక్షము తరఫున హోల్బర్నులో నిలిచి, ఓటమి నొందెను.

నాడు పార్లమెంటు సభ్యులకు జీతము లేదు. ఎన్నికల వ్యయభారమును అభ్యర్థులపైననే పడుచుండెను. లిబరలు పక్షమున అభ్యర్థి నిర్ణయము స్థానికసంఘములది. సభ్యులు ప్రతినిధుల నెన్నుకొందురు. ఆ ప్రతినిధుల మండలి అభ్యర్థిని నిర్ణయించును. కేంద్రనాయకులు ఆజ్ఞాపింపజాలకున్నను, తెరచాటున తమ పలుకుబడిని వినియోగింపగలిగియుండిరి.

1888లో సెంట్రలు ఫిన్స్‌బరీ మండలి స్వల్పాధిక్యముతో దాదాభాయిని వరించెను. ప్రత్యర్థియగు రిచర్డు ఈవు వర్గమువా రా నిర్ణయమును శిరసావహింపలేదు. స్వపక్షపు పెద్దలలో కొందరు ఉపేక్ష వహించిరి. ఆ యేడే ప్రధానమంత్రి సాలిస్‌బరీ ప్రభువు, ఆంగ్లేయ నియోజకవర్గము నల్లవాని నెన్నుకొనునా యని బహిరంగముగ శంకించెను. ఆ యవహేళనము వలన దాదాభాయి పేరు ఇంగ్లండంతట మారుమ్రోగెను. దాదాభాయి కోపింపలేదు, విరమింపలేదు. నాలుగేండ్లు ఫిన్స్‌బరీ ప్రజలనే యాశ్రయించి, 1892లో 5 ఓట్ల యాధిక్యముతో కామన్సు సభకు ఎన్నికయ్యెను.

సభలో ఆయనకు ఇరువురు యజమానులు: ఓటిచ్చిన ఫిన్స్‌బరీ ప్రజ, ఓటులేని భారతప్రజ. ఐర్లండు స్వపరిపాలనమును, స్త్రీల ఓటుహక్కును, కార్మికుల హక్కులను ఆయన సమర్థించెను. సివిలు సర్వీసు పరీక్షలు భారతదేశమునను ఏకకాలమున జరుగవలెనను తీర్మానము 1893లో సభ యామోదము పొందుటకు తోడ్పడెను. ప్రభుత్వము దాని నమలు జరుపలేదు. 1895లో లిబరలు పక్షము దేశమంతట పరాజయము నొందగా, ఆయనయు నోడిపోయెను.

1906లో నార్తు లాంబెతున లిబరలు పక్షము మరియొకరి నెన్నుకొనెను. దాదాభాయి స్వతంత్ర లిబరలుగ నిలిచి, అత్యల్పముగ ఓట్లు బడసెను. లిబరలు పక్షము దేశమంతట ఘనవిజయము సాధించిన యెన్నికయే యది. విద్వత్తు, సేవ, కీర్తి తరుగలేదు. తరిగినది పక్షము ముద్ర యొక్కటియే. అయినను ఆ డిసెంబరులోనే కలకత్తా కాంగ్రెసు నధ్యక్షించి, స్వరాజ్యమే భారతజాతి లక్ష్యమని చాటెను. 1917లో పరమపదించెను.

ఆ జీవితమునుండి గ్రహింపవలసిన దేమి? పక్షము ద్వారము మూసినచో మహనీయుడు సైతము ప్రజల తీర్పును నిండుగ పొందజాలడు. కావున ఆ ద్వారపాలకు లెవరో, వారు ఎవరికి జవాబుదారులో ఓటరులు ప్రశ్నింపవలెను. ఫిన్స్‌బరీలో స్థానికసభ్యుల మండలి లోపభూయిష్టమైనను, అందలి లెక్కింపు ఒక పరదేశీయునికి అవకాశ మొసగెను. మన దేశమున అభ్యర్థులను పక్షసభ్యుల ఓటుచే నిర్ణయింపవలెనను శాసనము లేదు. నేరాభియోగములు గలవారి నేల నిలుపుచున్నారో పక్షములు కారణములు ప్రకటింపవలెనని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించెను. అది తొలిమెట్టు మాత్రమే. అభ్యర్థిత్వము నాయకుల యనుగ్రహమైనంతకాలము ప్రతినిధి యనుగ్రహించినవారి ముఖమే చూచును. ప్రజల ముఖము చూడడు.