ఒక్క డాలరు ఒప్పందం
జిమీ హెండ్రిక్స్ ధ్వనిముద్రణ జీవితం

1965 అక్టోబరు 15వ తేదీన న్యూయార్కు నగరంలో ఇరవైరెండేళ్ళ నల్లజాతి యువకుడొకడు ఒక ఒప్పందపత్రం మీద సంతకం చేశాడు. ఆ పత్రం ప్రకారం అతడు మూడు సంవత్సరాల పాటు ఒకే సంస్థకు పాడాలి, వాయించాలి. అందుకు ప్రతిఫలం రొక్కంగా ఒక డాలరు, అమ్ముడైన రికార్డుల మీద నూటికి ఒక వంతు. సంస్థ యజమాని ఎడ్ చాల్పిన్. సంతకం చేసినవాడు జిమీ హెండ్రిక్స్. మరుసటి సంవత్సరమే అతడు దేశం విడిచి వెళ్ళి, ఏడాదిలోగా లోకప్రసిద్ధుడైనాడు. కాని ఆ కాగితం అతని జీవితాంతమూ, ఆ తరువాత ముప్పై ఏళ్ళకు పైగానూ వెన్నాడింది.

హెండ్రిక్స్ పేరు విన్నవారిలో చాలమందికి అతడు వేదిక మీద గిటారుకు నిప్పు పెట్టిన మనిషిగానే తెలుసు. అది జరిగిన మాట నిజమే. 1967 జూన్ 18న కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఆ పని చేశాడు. ఆ మంట ఛాయాచిత్రాలకు పనికివచ్చింది. అతని అసలు కృషి వేరొక చోట, కిటికీలు లేని ధ్వనిముద్రణశాలలలో, అర్ధరాత్రులు దాటిన తరువాత జరిగింది. ఆ కృషికి అతనికి దొరికిన కాలం సరిగా నాలుగు సంవత్సరాలైనా లేదు.

అతడు 1942 నవంబరు 27న వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ నగరంలో పుట్టాడు. తల్లి లూసిల్‌కు అప్పటికి పదిహేడేళ్ళు. తండ్రి ఆల్ సైన్యంలో ఉన్నాడు. తల్లి పెట్టిన పేరు జానీ ఆలెన్. యుద్ధం ముగిసి తిరిగివచ్చిన తండ్రి, ఇతరుల పోషణలో ఉన్న బిడ్డను తెచ్చుకొని, 1946లో జేమ్స్ మార్షల్ అని పేరు మార్చాడు. ఇంట్లో పేదరికం, కలహం. 1951లో తల్లిదండ్రులు విడిపోయారు. 1958లో తల్లి మరణించింది. పాఠశాలకు పోయే రోజులలో ఆ పిల్లవాడు చీపురుకట్టను గిటారుగా భావించి మీటుకుంటూ తిరిగేవాడట. తండ్రితో కలిసి ఒక ఇంటి చెత్త తొలగిస్తుండగా ఒంటితీగ మిగిలిన ఉకులేలీ ఒకటి దొరికింది. విన్న పాటలన్నిటినీ ఆ ఒక్క తీగ మీదనే పలికించటానికి ప్రయత్నించాడు. తరువాత అయిదు డాలర్లకు ఒక పాత గిటారు లభించింది. అతనిది ఎడమచేతి వాటం. కుడిచేతివారికి చేసిన గిటారును తలక్రిందులుగా పట్టుకొని, తీగలను తన వాటానికి మార్చి బిగించుకొన్నాడు. స్వరలిపి చదవటం అతనికి ఎన్నడూ రాలేదు.

అతనికి మూలధనం బ్లూస్ సంగీతం. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో, బానిసత్వం నుండి బయటపడిన నల్లజాతి ప్రజల నడుమ 19వ శతాబ్ది చివర రూపొందిన పాట అది. తరచు మూడు పాదాలు. మొదటి పాదాన్నే రెండవసారి పాడి, మూడవ పాదంతో ముడివేస్తారు. ఒక్కొక్క పాదం ముగిసి గొంతు ఆగినచోట గిటారు బదులు చెబుతుంది. ఈ ప్రశ్నోత్తర మర్యాదను హెండ్రిక్స్ చివరివరకు విడువలేదు. ఎంత గగ్గోలుగా వాయించినా అతని వాద్యం ఒక గొంతుకు జవాబు చెబుతున్నట్లే వినిపించటానికి కారణం ఇదే.

దొంగిలించిన కార్లలో తిరుగుతూ రెండుసార్లు పట్టుబడినందువల్ల, చెరసాలా సైన్యమా తేల్చుకొమ్మంటే 1961లో సైన్యంలో చేరాడు. కెంటకీలోని ఫోర్ట్ క్యాంప్‌బెల్‌లో విమానం నుండి దూకే దళంలో శిక్షణ పొందాడు. బిల్లీ కాక్స్ అనే బేస్ గిటారు వాద్యకునితో స్నేహం అక్కడే కుదిరింది. 1962లో సైన్యం వదిలిన పిమ్మట నాలుగేళ్ళు అతడు ఇతరుల వెనుక నిలబడి వాయించాడు. 1964లో ఐస్లీ బ్రదర్స్‌తోనూ, అటుపిమ్మట లిటిల్ రిచర్డ్‌తోనూ కలిసి వాయించిన రికార్డులున్నాయి. గిటారు అతనిది, రికార్డు మీద పేరు మరొకరిది. చాల్పిన్ పత్రం మీద సంతకం చేసినది ఈ దశలోనే. ఆ రోజులలో అటువంటి గిటారు వాద్యకునికి ఒప్పందమంటే రేపటి భోజనమని అర్థం. అందుచేత అతని తొందరపాటును మనం తప్పుపట్టలేము.

1966 వేసవిలో న్యూయార్కు గ్రీనిచ్ విలేజిలోని ఒక కాఫీశాలలో అతడు వాయిస్తుండగా ఇంగ్లండు నుండి వచ్చిన చాస్ చాండ్లర్ విన్నాడు. చాండ్లర్ అప్పటివరకు యానిమల్స్ అనే ప్రసిద్ధ బృందంలో బేస్ గిటారు వాయించినవాడు. వాయించటం మాని ఇతరులను పైకి తేవాలనుకుంటున్నాడు. సెప్టెంబరు 24న హెండ్రిక్స్ లండన్‌లో దిగాడు. గిటారు వాద్యకుని ఉద్యోగానికి వచ్చిన నోయెల్ రెడింగ్ చేతికి బేస్ గిటారు ఇచ్చారు. డ్రమ్ములకు మిచ్ మిచెల్ కుదిరాడు. పాత ఒప్పందాలను విడిపించే ప్రయత్నం చాండ్లర్ చేశాడు గాని, చాల్పిన్ పత్రం తీరకుండా అట్లాగే ఉండిపోయింది.

మొదటి పాట ‘హే జో’ ఇతరుల రచన. అక్టోబరు 23న ముద్రితమై డిసెంబరులో వెలువడి, ఇంగ్లండులో ఆరవ స్థానం అందుకొంది. ఇతరుల పాటలతో ఎంతో కాలం గడవదని చాండ్లర్ పట్టుబట్టగా హెండ్రిక్స్ స్వయంగా రచించటం మొదలుపెట్టాడు. తన గొంతు మంచిది కాదని అతనికి గట్టి నమ్మకం. బాబ్ డిలన్ వంటి మోటు గొంతు చెల్లినప్పుడు తనదీ చెల్లుతుందని ధైర్యం తెచ్చుకొన్నాడంటారు. అయినా ముద్రణశాలలో పాడవలసి వచ్చినప్పుడు దీపాలు తగ్గించి, తెరల చాటున నిలబడి పాడేవాడు. వేలమంది ఎదుట గిటారును పళ్ళతో మీటినవానికి ఇంత సిగ్గు ఉండటం విచిత్రమే. ‘ద విండ్ క్రైస్ మేరీ’ అనే సౌమ్యమైన పాట 1967 జనవరిలో, వేరొక పాట పని ముగిశాక మిగిలిన ఇరవై నిమిషాలలో ముద్రితమైంది. తోటివారికి ఆ పాట అంతకు ముందు తెలియదు.

అతని పని అర్థం కావాలంటే ఆనాటి యంత్రసామగ్రిని గురించి కొంత చెప్పాలి. 1967లో లండన్ ముద్రణశాలలలో టేపు వెడల్పును నాలుగు దారులుగా విభజించి, ఒక్కొక్క దారిలో ఒక్కొక్క ధ్వనిని విడివిడిగా పట్టేవారు. నాలుగూ నిండితే వాటిని కలిపి మరొక టేపు మీద ఒకటి రెండు దారులలోకి ఎక్కించి, మిగిలిన చోట కొత్త ధ్వనులు చేర్చేవారు. ఇట్లా కలిపినప్పుడల్లా టేపు రొద కొంత పెరుగుతుంది. పాత పొరను మళ్ళీ విడదీయటం కుదరదు. కనుక ఏ ధ్వని ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించుకోవాలి. ఓలింపిక్ ముద్రణశాలలో ఎడ్డీ క్రేమర్ అనే యువ ఇంజనీరు ఈ విద్యలో హెండ్రిక్స్‌కు కుడిభుజమైనాడు. రోజర్ మేయర్ చేసిన ఒక చిన్న పరికరం గిటారు స్వరానికి పై స్థాయి స్వరాన్ని జతచేసేది. ‘పర్పుల్ హేజ్’ చివర వినిపించే ఆ కేక అదే. పాఠశాల వార్షికోత్సవంలో మైకు కీచుమంటే ఉపాధ్యాయులందరమూ చెవులు మూసుకుంటాము. లౌడ్‌స్పీకరు నుండి వెలువడిన ధ్వని తిరిగి మైకులో చేరటం వల్ల పుట్టే రొద అది. గిటారుతోనూ అదే జరుగుతుంది. హెండ్రిక్స్ ఆ రొదను అణచటానికి బదులు, యాంప్లిఫయరుకు తానెంత దూరంలో, ఏ కోణంలో నిలబడాలో అలవాటు చేసుకొని, దానిచేత స్వరం పలికించాడు. నా దృష్టిలో అతని విద్యకు ఇదే పరమావధి.

1967 మే 12న మొదటి సంపుటం ‘ఆర్ యూ ఎక్స్‌పీరియన్స్‌డ్’ ఇంగ్లండులో వెలువడి రెండవ స్థానానికి ఎగబాకింది. మొదటి స్థానం బీటిల్స్‌ది. డిసెంబరు 1న రెండవ సంపుటం వచ్చింది. దాని ఒక వైపు సిద్ధమైన టేపును హెండ్రిక్స్ లండన్‌లో టాక్సీలో మరచి దిగిపోయాడు. ఆ భాగమంతా ఒక్క రాత్రిలో మళ్ళీ కూర్చవలసి వచ్చింది. ఇంతలో న్యూయార్కులో చాల్పిన్ నిద్రపోలేదు. 1965 నాటి పాత టేపులను, హెండ్రిక్స్ వేరొకరి వెనుక వాయించినవాటిని, అతని బొమ్మ ప్రముఖంగా అచ్చువేసి ‘గెట్ దట్ ఫీలింగ్’ అనే పేరుతో ఆ డిసెంబరులోనే బజారులో పెట్టించాడు. హెండ్రిక్స్ కొత్త సంపుటమనుకొని కొన్నవారు ఎందరో! వ్యాజ్యం నడిచింది. చివరకు రాజీ కుదిరి, ఒక పూర్తి సంపుటాన్ని చాల్పిన్ పక్షానికి ఇచ్చుకోవలసి వచ్చింది.

మూడవ సంపుటం ‘ఎలక్ట్రిక్ లేడీలాండ్’ 1968లో ప్రధానంగా న్యూయార్కులోని రికార్డ్ ప్లాంట్‌లో తయారైంది. అక్కడ పన్నెండు, తరువాత పదహారు దారుల యంత్రాలున్నాయి. చోటు పెరిగేసరికి హెండ్రిక్స్‌కు తృప్తి తగ్గింది. ‘జిప్సీ ఐస్’ అనే ఒక్క పాటను యాభైసార్ల వరకు వాయించాడంటారు. ముద్రణశాల స్నేహితులతో, అపరిచితులతో నిండిపోయేది. మూడు నిమిషాలలో పాట ముగియాలనే పట్టుదల గల చాండ్లర్ విసిగి మే నెలలో తప్పుకొన్నాడు. రెడింగ్ కూడా తరచు కోపించి లేచిపోయేవాడు. అతడు లేనప్పుడు బేస్ గిటారు కూడా హెండ్రిక్సే వాయించుకొన్నాడు. డిలన్ రచన ‘ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్’ జనవరిలో లండన్‌లో నాలుగు దారుల మీద మొదలై, న్యూయార్కులో పదహారు దారుల మీద పూర్తయింది. అంత కాలం చెక్కినదైనా ఆ పాటలో ఎక్కడా అతుకు కనబడదు. డిలన్ తానే తరువాత తన పాటను ఈ ఫక్కీకి దగ్గరగా పాడసాగాడు. అక్టోబరులో వెలువడిన ఆ సంపుటం అమెరికాలో మొదటి స్థానం అందుకొంది.

చాండ్లర్ పోయిన తరువాత అదుపుచేసేవారు లేరు. అద్దె ముద్రణశాలలకు డబ్బు నీళ్ళవలె ఖర్చయింది. 1969 జూన్‌లో పాత బృందం విడిపోయింది. చాల్పిన్‌కు బాకీపడిన సంపుటం తీర్చటానికి హెండ్రిక్స్ తన సైనిక మిత్రుడు బిల్లీ కాక్స్‌ను, డ్రమ్ములు వాయించే బడ్డీ మైల్స్‌ను తోడుచేసుకొని, 1969 చివరి రాత్రి, 1970 మొదటి రాత్రి న్యూయార్కు ఫిల్మోర్ ఈస్ట్‌లో నాలుగు కచేరీలు చేశాడు. అందులో ‘మెషిన్ గన్’ అనే పాట పన్నెండు నిమిషాలకు పైగా సాగుతుంది. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. ఒకప్పుడు తానూ సైనికుడైనవాడు గిటారు మీద తుపాకుల మోత, విమానాల ఊళ, గాయపడినవారి ఆక్రందన పలికించాడు. మార్చిలో ఈ కచేరీలు ‘బ్యాండ్ ఆఫ్ జిప్సీస్’ పేర సంపుటమైనాయి. అతనికి అది అంతగా తృప్తినివ్వలేదు. అయినా బాకీ తీర్చటానికి ఇచ్చిన ఈ సంపుటాన్ని అతని ఉత్తమ కృషిలో చేర్చేవారు నేడు తక్కువ కాదు. నేనూ వారిలో ఒకడిని.

ఇక మిగిలినది సొంత ముద్రణశాల కోరిక. మేనేజరు మైక్ జెఫరీతో కలిసి 1968లోనే గ్రీనిచ్ విలేజిలో 52 వెస్ట్ ఎయిత్ స్ట్రీట్ నేలమాళిగలోని నృత్యశాలను కొన్నాడు. జాన్ స్టోరిక్ అనే యువ వాస్తుశిల్పి దానిని ముద్రణశాలగా తీర్చాడు. నేలక్రింద పారే పాత వాగు ఒకటి పని జరుగుతుండగా పైకి ఉబికి, నీరు తోడవలసి వచ్చింది. డబ్బు అయిపోయినప్పుడల్లా పని ఆగేది. మొత్తం మీద పది లక్షల డాలర్ల వరకు ఖర్చయింది. గోడలు వంపులు తిరిగి, దీపాలు రంగులు మార్చే ఆ గదిలో, గడియారం చూసి అద్దె లెక్కపెట్టేవాడు లేకుండా, హెండ్రిక్స్ 1970 వేసవి నెలలు మాత్రం పనిచేశాడు. ఆగస్టు 26న ప్రారంభోత్సవం జరిగింది. ఆ వెంటనే కచేరీల కోసం ఐరోపాకు బయలుదేరాడు. తిరిగి రాలేదు. సెప్టెంబరు 18న లండన్‌లో, నిద్రమాత్రల మత్తులో వాంతి గొంతుకు అడ్డుపడి ఊపిరాడక మరణించాడు. వయస్సు ఇరవైఏడు.

ముద్రణశాలలో లెక్కకు మిక్కిలి టేపులు మిగిలాయి. సిద్ధమవుతున్న నాలుగవ సంపుటపు పాటలను క్రేమర్, మిచెల్ ఇద్దరూ కూర్చి 1971 మార్చిలో ‘ద క్రై ఆఫ్ లవ్’గా వెలువరించారు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱన నన్నయ బాటనే నడిచాడు గదా! వీరిదీ అటువంటి వినయమే. తరువాత పెత్తనం వహించిన అలన్ డగ్లస్ దారి వేరు. 1975లో వచ్చిన ‘క్రాష్ ల్యాండింగ్’లో హెండ్రిక్స్ గిటారును, గొంతును ఉంచి, ఆనాడు అతని పక్కన వాయించినవారిని టేపు నుండి తొలగించి, అతనిని ఎన్నడూ కలవని వాద్యకులచేత కొత్తగా వాయింపించి చేర్చాడు. కొన్ని పాటలకు సహరచయితగా తన పేరు కూడా వేసుకొన్నాడు. ప్రాచీన కావ్యాలలో ప్రక్షిప్తాలను ఏరటం తెలుగు ఉపాధ్యాయులకు కొత్త కాదు. కాని అక్కడ రాసినవాడెవడో సామాన్యంగా తెలియదు. ఇక్కడ కొత్తగా చేర్చినవారి పేర్లు అట్ట మీద అచ్చయినాయి.

తండ్రి ఆల్ న్యాయస్థానానికి ఎక్కి 1995లో కుమారుని సంగీతం మీద హక్కులు సాధించాడు. డగ్లస్ చేర్చినవాటిని పక్కనపెట్టి, క్రేమర్ చేతనే మళ్ళీ కూర్పించిన నాలుగవ సంపుటం 1997లో ‘ఫస్ట్ రేస్ ఆఫ్ ద న్యూ రైజింగ్ సన్’ పేర వచ్చింది. చాల్పిన్ సంస్థతో 1973లో మరొక రాజీ జరిగింది. ఏ టేపులను వాడుకోవచ్చునో అందులో నిర్ణయించారు. ఆ రాజీని సంస్థ ఉల్లంఘించిందని హెండ్రిక్స్ వారసులు వేసిన దావాలో 2003లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. అనుమతి లేకుండా వాడుకొన్నందుకు తగిన సొమ్ము చెల్లించవలసిందేనని నిర్ణయించింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఒప్పందాల పాఠంలో ఈ తీర్పును చదువుకుంటారు. అప్పటికి తండ్రి కూడా లేడు, 2002లో గతించాడు.

వెస్ట్ ఎయిత్ స్ట్రీట్‌లోని ముద్రణశాల మాత్రం మూతపడలేదు. హెండ్రిక్స్ పోయిన రెండేళ్ళకు అంధగాయకుడు స్టీవీ వండర్ అక్కడ కూర్చొని ‘టాకింగ్ బుక్’ సంపుటానికి పనిచేశాడు.