మూడోసారికి మెట్రిక్ పాసయ్యారు.. కలవని రీడింగులో కండరం గుట్టు పట్టారు: యల్లాప్రగడ సుబ్బారావు కథ

కూర్మన్నపాలెం: కెమిస్ట్రీ ల్యాబ్‌లో మూడు రీడింగులు కలవకపోతే మీరేం చేసేవారు? నిజం చెప్పండి. మేమైతే పక్క టేబుల్ వాడి రికార్డు చూసేవాళ్లం. బ్యూరెట్‌లో 19.4 వచ్చినా, 20.3 వచ్చినా రికార్డులో మాత్రం 19.8, 19.8, 19.8. సంతకం అయిపోయేది, బస్సెక్కి ఇంటికి వచ్చేసేవాళ్లం.

సరిగ్గా ఇలాగే రీడింగు కలవనప్పుడు, దాన్ని దిద్దకుండా దాని వెంట పడ్డ తెలుగు మనిషి ఒకరున్నారు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. క్యాన్సర్ మందు, బోదకాలు మందు అంటే ఆయన పేరు చాలామందికి గుర్తొస్తుంది. కానీ ఆ మందులకు చాలా ముందే ఆయన పేరు సైన్స్ పుస్తకాల్లోకి ఎక్కింది ఒక కొలత వల్ల.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువులో మొదటి నుంచీ మెరిసిన కుర్రాడేం కాదు. వారణాసి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని చిన్నప్పుడే ఇంట్లోంచి పారిపోతే, తల్లి వెంకమ్మ వెనక్కి పట్టుకొచ్చారని చెబుతారు. రెండుసార్లు తప్పి, మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కారు.

తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీ. గాంధీజీ ప్రభావంతో ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ రావాల్సిన చేతికి దానికంటే తక్కువైన ఎల్ఎంఎస్ వచ్చింది. ఈలోగా సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. తనకూ జబ్బు చేస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకుని, అదే ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పారు.

మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం ఛారిటీస్ ఇచ్చిన డబ్బుతో 1922 అక్టోబర్‌లో బోస్టన్‌లో దిగారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. హార్వర్డ్‌లో సీటైతే ఉంది కానీ, స్కాలర్‌షిప్ లేదు. ఆసుపత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసి ఖర్చులు వెళ్లదీశారు. ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా పూర్తయ్యాక బయోకెమిస్ట్రీ విభాగంలో ఆటో ఫోలిన్ దగ్గర చేరారు. అక్కడ సైరస్ ఫిస్కే ఆయనకు ఒక పని అప్పగించారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కచ్చితంగా చెప్పే పద్ధతి కావాలి.

అంతా ఆ ఒక్క సీసాలోనే

1925లో వచ్చిన ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ కలిపి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. సింపుల్‌గా చెప్పాలంటే, ఆమ్లంలో ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలపాలి, తర్వాత అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే మరో మందు పోయాలి. నీలి రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన.

చిక్కన అంటే ఎంత చిక్కన? దేనితో పోల్చి చెప్పాలి? ఇక్కడే స్టాండర్డ్ సొల్యూషన్, అంటే ప్రామాణిక ద్రావణం వస్తుంది. అందులో ఏముందో, ఎంతుందో ముందే కచ్చితంగా తెలిసిన ద్రావణం. ఈ పద్ధతిలో మోనోపొటాషియం ఫాస్ఫేట్ 0.3509 గ్రాములు తూచి, కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, నీళ్లతో సరిగ్గా లీటరు గీత దాకా తేవాలి. అందులోంచి 5 మిల్లీలీటర్లు తీస్తే 0.4 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉన్నట్టు. తూకంలో తప్పు జరిగితే ఆ తర్వాత చేసే ప్రతి పరీక్షలోనూ అదే తప్పు దొర్లుతుంది.. ఎవరికీ తెలియకుండా.

అన్ని పదార్థాలనూ ఇలా తూచి నమ్మలేం. కాలేజీలో వాడే సోడియం హైడ్రాక్సైడ్ సంగతే తీసుకోండి. సీసా మూత తీయగానే గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తుంది. 4 గ్రాములు తూచామనుకుంటాం, అందులో అసలు సరుకు తక్కువే ఉంటుంది. అందుకే ముందు ఆక్జాలిక్ ఆమ్లం లాంటి నికరమైన పదార్థంతో ప్రామాణిక ద్రావణం చేసి, ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, దానితో టైట్రేషన్ చేసి ఈ క్షారం అసలు బలం ఎంతో తేల్చుకోవాలి. లేత గులాబీ రంగు వచ్చి నిలిచిన చుక్క దగ్గర ఆగాలి. ముదురు గులాబీ వచ్చిందంటే దాటిపోయినట్టే. బ్యూరెట్‌ను అందులో పోసే ద్రావణంతోనే కడగాలి, కోనికల్ ఫ్లాస్క్‌ను మాత్రం ఉత్త నీళ్లతో. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు (నేనూ చేశాను).

సుబ్బారావు పద్ధతిలోనూ ఈ ఆమ్ల-క్షార లెక్క తప్పదు. ఆమ్లం తక్కువైతే ఫాస్ఫేట్ లేకపోయినా మాలిబ్డేట్ నీలంగా మారిపోతుంది. ఎక్కువైతే రావాల్సిన రంగు రాదు. కాబట్టి వాడే ఆమ్లం బలం టైట్రేషన్‌తో ముందే తేలి ఉండాలి.

మన స్టీల్‌లోనూ అదే ఫాస్ఫరస్

కూర్మన్నపాలెం వాళ్లకు ఫాస్ఫరస్ దూరపు విషయం కాదు. ఉక్కులో ఫాస్ఫరస్ మోతాదు మించితే చలికి పెళుసుబారి విరుగుతుంది. దాన్ని కొలవడానికి భారతీయ ప్రమాణాల్లో, ఐఎస్ 228 మూడో భాగంలో, ఒక టైట్రేషన్ పద్ధతే ఉంది. ఉక్కును ఆమ్లంలో కరిగించి, మాలిబ్డేట్ కలిపితే పసుపు అవక్షేపం వస్తుంది. దాన్ని కొలిచి పోసిన సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, మిగిలిపోయిన క్షారాన్ని ప్రామాణిక ఆమ్లంతో తేలుస్తారు. ఒక్క ఫాస్ఫరస్ పరమాణువుకు 23 సోడియం హైడ్రాక్సైడ్ అణువులు ఖర్చవుతాయి. అందుకే చిటికెడు ఫాస్ఫరస్ కూడా బ్యూరెట్‌లో కనిపిస్తుంది. అవక్షేపాన్ని సరిగా కడగక ఆమ్లం మిగిలిందా.. లేని ఫాస్ఫరస్ ఉన్నట్టు తేలుతుంది. మంచి ఉక్కు చెడ్డదైపోతుంది, కాగితం మీద!

రంగు ఆగకుండా పెరుగుతుంటే..

మళ్లీ హార్వర్డ్‌కు వద్దాం. రక్తానికి, మూత్రానికి బాగా పనిచేసిన పద్ధతి కండరం దగ్గర మొండికేసింది. ప్రామాణిక ద్రావణంలో రంగు రావాల్సినంత వచ్చి ఆగుతోంది. కండరం నమూనాలో మాత్రం నిదానంగా మొదలై, సమయం గడిచేకొద్దీ పెరుగుతూ పోతోంది. ఇప్పుడు చూస్తే ఒక అంకె, కాసేపాగి చూస్తే ఇంకో అంకె.

మేమైతే 19.8 రాసేసేవాళ్లం. వాళ్లు అలా చేయలేదు. పక్కనే ఉన్న ప్రామాణిక ద్రావణం సరిగ్గా ప్రవర్తిస్తోంది కాబట్టి తప్పు పద్ధతిలో లేదు, కండరంలోనే ఏదో ఉందని తేలింది. అది ఆమ్లంలో ముక్కలై కొద్దికొద్దిగా ఫాస్ఫేట్‌ను వదులుతున్న పదార్థం.. ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఎగుల్టన్ దంపతులు కూడా విడిగా దీని జాడ పట్టారు. 1929లో ఏటీపీ మీద ఫిస్కే, సుబ్బారావుల పేపర్ వచ్చింది. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుక్కున్నారు. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే ఆధారమన్న అప్పటి నమ్మకం, 1922 నోబెల్ అందుకున్న హిల్, మేయర్‌హాఫ్‌ల పరిశోధనల మీద నిలబడ్డది. కొత్త ఫలితాలతో అది కదిలిపోయింది.

పేరు మాత్రం ఆయనకు రాలేదు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది, హార్వర్డ్‌లో పర్మినెంట్ ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌కు, లెడర్లే ల్యాబ్స్‌కు వెళ్లిపోయారు. అక్కడ ఆయన నడిపిన బృందాల నుంచి కృత్రిమ ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఆరియోమైసిన్ బయటికొచ్చిన 1948లోనే, ఆగస్టులో, నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53.

1922లో ఓడ ఎక్కాక ఆయన మళ్లీ ఇండియా రాలేదు. శేషగిరి గారు ఆయన్ని మళ్లీ చూడలేదు. తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది 1995లో, పుట్టిన నూరేళ్లకు.