పాల దగ్గర ఆగిన బాపూజీ కలం

ఏం తినాలో, ఏం మానాలో చెప్పే పుస్తకాలకు మన ఇళ్ళలో కరువు లేదు. పాలు తాగమని ఒకటి, మానమని ఇంకొకటి. అలాంటి పుస్తకమే రాసి, ఆ పాల దగ్గరే ఏళ్ళ తరబడి తేల్చుకోలేకపోయిన రచయిత గాంధీజీ. ఆయన ఉప్పు కథ అందరికీ తెలుసు. నాకు మాత్రం ఈ పాల కథంటేనే ఇష్టం. ఎందుకంటే ఇందులో కస్తూరిబా మాట ఉంది.

1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో స్నేహితుడు కాలెన్‌బాక్‌తో కలిసి ఆయన పాలు మానేశారు. మనోనిగ్రహానికి పాలు అడ్డమని ఆయన నమ్మకం. పైగా పాల కోసం కలకత్తాలో పశువుల్ని పెట్టే హింస గురించి చదివి బాధపడ్డారు. 1913లో తన పత్రిక ఇండియన్ ఒపీనియన్‌లో ఆరోగ్యం మీద గుజరాతీలో వరుసగా వ్యాసాలు రాశారు. పాలు లేకపోయినా ఫర్వాలేదని అందులో చెప్పారు. అవి పుస్తకమై ఎన్నో భాషల్లోకి వెళ్ళాయి.

అసలు పరీక్ష 1918లో వచ్చింది. ఖేడా జిల్లాలో ఊరూరా తిరుగుతూ వేరుసెనగ ముద్ద, నిమ్మకాయలతో సరిపెట్టుకునేవారు. ఒక పండగనాడు కస్తూరిబా చేసిన తీపి జావ తిన్నారు. అంతే, జిగట విరేచనాలు పట్టుకుని మంచానపడ్డారు. చావు తప్పదనుకునేదాకా వచ్చింది. పాలు తాగితే తప్ప ఒంట్లో రక్తం పట్టదని బొంబాయి డాక్టరు దలాల్ తేల్చేశారు. ఈయన ఒట్టు తియ్యనన్నారు. పక్కనే ఉన్న బా, ఒట్టు పెట్టుకున్నప్పుడు మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలే కదా, మేకపాలకేం అభ్యంతరమని అడిగారు. రౌలట్ చట్టంపై పోరాడాలంటే బతకాలి కదా! బాపూజీ ఒప్పుకున్నారు. కానీ ఒట్టులో అక్షరం మిగిలింది, ఆత్మ పోయిందన్న బాధ ఆయన్ని వదల్లేదు.

మరి తన పుస్తకం చదివి పాలు మానేసినవాళ్ళ సంగతేమిటి? ఆయన వాళ్ళని మరిచిపోలేదు. తన ఆత్మకథలోనే వాళ్ళని హెచ్చరించారు. ఒంటికి అన్నివిధాలా మేలు కనిపిస్తేనో, అనుభవమున్న వైద్యులు చెబితేనో తప్ప ఆ పట్టుదల వద్దన్నారు. అలాగని వెతకడం ఆపలేదు. 1929లో మన రాజమండ్రి ప్రకృతి వైద్యుడొకరి ప్రోత్సాహంతో మొలకెత్తిన గోధుమలు, నూరిన బాదం, పచ్చికూరలతో గడిపి చూశారు. మళ్ళీ విరేచనాలు పట్టుకున్నాయి. మళ్ళీ మేకపాలే దిక్కయ్యాయి.

1942 ఆగస్టు 28న, పుణేలో ఆగాఖాన్ భవనంలో ఖైదీగా ఉంటూ, ఆ పుస్తకాన్ని కొత్తగా రాయడం మొదలుపెట్టారు. డిసెంబరు 18న ముగించారు. పాలు శాకాహారం కిందికి రావని ఒకచోట రాసిన ఆయనే, కూర్చుని పనిచేసేవారి రోజువారీ ఆహారంలో రెండు పౌన్ల ఆవుపాలు చేర్చారు. ఆ రాతప్రతిని వెంటనే అచ్చుకివ్వలేదు. ఆయన పోయాకే, 1948లో, ఇంగ్లీషులో వచ్చింది.

చిత్రమేమిటంటే, బి-12 విటమిన్‌ను శాస్త్రవేత్తలు విడిగా తీసింది కూడా 1948లోనే. అది పాలల్లో ఉంటుంది, మామూలు కూరగాయల్లో, గింజల్లో ఉండదు. ఇప్పుడు పాలు మానేవాళ్ళకి మాత్రలున్నాయి. ఆయనకి ఆ వీలు లేదు, తన ఒంటి మీదే చూసుకోవాల్సి వచ్చింది.

అందుకే ఏ ఆరోగ్య పుస్తకం చేతికొచ్చినా, ఆత్మకథలో ఆయన చేసిన హెచ్చరికలాంటిది అందులో ఉందా అని నేను ముందు వెతుకుతాను.