బాస్కర్‌విల్ అక్షరాలు కళ్ళు పోగొడతాయా?

ఫాంట్ మెనూలో బాస్కర్‌విల్ అన్న పేరు మీలో చాలామంది చూసే ఉంటారు. అది ఒక మనిషి పేరు. జాన్ బాస్కర్‌విల్ 18వ శతాబ్దపు ఇంగ్లండ్ వాడు. బర్మింగ్‌హామ్‌లో కుర్రాళ్ళకి చేతిరాత నేర్పాడు, సమాధి రాళ్ళ మీద అక్షరాలు చెక్కాడు. తర్వాత నిగనిగలాడే వార్నిష్ పూత వేసిన ట్రేలు, పెట్టెల వ్యాపారంలో బాగా సంపాదించాడు.

నలభై దాటాక ఆ డబ్బు తీసుకెళ్ళి అచ్చు అక్షరాల మీద పెట్టాడు. ఏళ్ళ తరబడి కష్టపడితే 1757లో మొదటి పుస్తకం వచ్చింది, లాటిన్ కవి వర్జిల్ కావ్యాలు. లావు గీత, సన్న గీత మధ్య తేడా పెంచాడు. ఆ సన్న గీతలు చెదరకూడదని సిరా ఇంకా నల్లగా, కాగితం ఇంకా నున్నగా ఉండేలా చూసుకున్నాడు. అచ్చయిన కాగితాలని వేడి రేకుల మధ్య పెట్టి నొక్కించాడు. అంటే ఫాంట్ ఒక్కటే కాదు, సిస్టమ్ మొత్తం మార్చాడన్నమాట.

కానీ ఈ సన్న గీతలు చదివితే దేశంలో అందరి కళ్ళూ పోతాయని ఒక పెద్దమనిషి అన్నాడు. విన్నది బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆయన స్వయంగా ప్రింటర్, పైగా బాస్కర్‌విల్ స్నేహితుడు. ఆ మనిషి మళ్ళీ ఇంటికొచ్చినప్పుడు, విలియం కాస్లన్ అక్షరాల నమూనా కాగితం పైభాగం చింపేసి, ఇవి బాస్కర్‌విల్‌వి అని చూపించాడు. ఆయన తప్పులు ఒక్కొక్కటే ఎత్తి చూపాడు, కళ్ళు నొప్పి పుడుతున్నాయని కూడా అన్నాడు. నిజానికి ఆయన అన్నాళ్ళూ హాయిగా చదువుకున్న పుస్తకాలు కాస్లన్ అక్షరాల్లోనివే! పాపం సిగ్గుపడతాడని ఫ్రాంక్లిన్ అసలు విషయం చెప్పలేదు.

ఇది మనకి నవ్వులాటే గానీ బాస్కర్‌విల్‌కి నష్టం. 1763లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ కోసం అచ్చేసిన పెద్ద బైబిల్ చాలా కాపీలు మిగిలిపోయాయి. అక్షరాలు అమ్మేద్దామన్నా కొనేవాళ్ళు దొరకలేదు. 1775లో చనిపోయాడు. నాలుగేళ్ళకి భార్య సారా వాటిని ఫ్రెంచ్ రచయిత బోమార్షేకి అమ్మింది. ఆయన వాటితో వోల్టేర్ రచనలన్నీ అచ్చేశాడు.

2012లో సినిమా డైరెక్టర్ ఎరల్ మోరిస్ న్యూయార్క్ టైమ్స్ పాఠకులకి ఒకే విషయాన్ని ఆరు ఫాంట్లలో చూపించి, నమ్ముతారా అని అడిగాడు. మన లేటెక్స్ రిపోర్టుల్లో వచ్చే కంప్యూటర్ మోడర్న్ కూడా అందులో ఉంది. కొద్ది తేడాతోనే అయినా ఎక్కువమంది ఒప్పుకున్నది బాస్కర్‌విల్‌లో చదివినప్పుడు. వాళ్ళకి అది ఫాంట్ పరీక్ష అని తెలీదు.

అక్కడ అక్షరం పనిచేసింది, ఫ్రాంక్లిన్ ఇంట్లో పేరు పనిచేసింది. రెండూ పాఠకుడికి తెలియకుండానే. అందుకే నాదొక మాట: మన పత్రికకి ఫాంట్ ఎంచుకునేటప్పుడు ఒకే పేరాని నాలుగు ఫాంట్లలో పెట్టి, పేర్లు చెప్పకుండా జూనియర్లతో చదివిద్దాం. ఓట్లు ఆ తర్వాత.