ఒక పిచ్చుక, ఒక ప్రశ్న: సలీం అలీ జీవితం

వానలు మొదలయ్యాక మచిలీపట్నం నుంచి గుడివాడ వెళ్ళేటప్పుడు కిటికీ పక్కన కూర్చున్న పిల్లల్ని బయటకు చూడమనండి. కాలువ గట్ల మీద తాటాకుల చివర్ల నుంచి, ఈతచెట్ల నుంచి, తుమ్మ కొమ్మల నుంచి వేలాడే గిజిగాడి గూళ్ళు కనిపిస్తాయి. ఇటు గుడివాడ నుంచి అటు దివిసీమ దాకా ఈ గూళ్ళు చూడని ఇల్లు ఉండదు. కానీ ఆ గూడు కట్టేది మగపక్షా ఆడపక్షా, కొన్ని గూళ్ళు సగంలోనే ఎందుకు ఆగిపోతాయి అని పిల్లలు అడిగితే పెద్దవాళ్ళం తడుముకుంటాం. ఆ ప్రశ్నకు ఓపికగా జవాబు వెతికిన మనిషి అప్పటికి ఉద్యోగం పోయి ఉన్నారు. ఆయనే డాక్టర్ సలీం అలీ. ఈ నెల స్ఫూర్తి శీర్షికలో ఆయన గురించి తెలుసుకుందాం.

తుపాకీ పట్టిన పిల్లవాడు

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. పదిమంది సంతానంలో ఆఖరివాడు. ఏడాది నిండేసరికి తండ్రి పోయారు, మూడేళ్ళకి తల్లి పోయారు. పిల్లలు లేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం పెంచారు. మేనమామకు వేట అంటే సరదా. పిల్లవాడికి ఆడుకోవడానికి ఒక ఎయిర్‌గన్ ఇచ్చారు. దానితో పిచ్చుకల్ని కొట్టడం ఆ రోజుల్లో పిల్లలకు ఆటే.

సుమారు పదేళ్ళ వయసులో ఒకరోజు అలా కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇంట్లో తిరిగే పిచ్చుకలకు అది ఉండదు. ఇదేం పక్షి అని మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. తెలియదని కసిరి పంపించకుండా, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ గారికి ఒక ఉత్తరం రాసి పిల్లవాడి చేతికిచ్చారు. 1883లో మొదలైన ఆ సొసైటీలో మేనమామ సభ్యుడు.

దొరగారి ముందుకు వెళ్ళడానికి పిల్లవాడు భయపడ్డాడు. మిల్లార్డ్ మాత్రం ఆ చచ్చిన పిచ్చుకను చూసి, అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, బీరువాల అరలు ఒక్కొక్కటీ తెరిచి భద్రపరిచిన పక్షుల్ని చూపించారు. చదువుకోవడానికి పుస్తకాలు ఇచ్చారు, పక్షుల నమూనాలు ఎలా తయారు చేస్తారో నేర్పే ఏర్పాటు చేశారు. ఎయిర్‌గన్ ఆట పక్షిశాస్త్రం వైపు మళ్ళింది ఆ మధ్యాహ్నమే.

చదువులో తడబాటు

ఇక్కడి నుంచి కథ సాఫీగా సాగిందనుకుంటే పొరపాటే. తరచూ వచ్చే తలనొప్పితో బడి మానాల్సి వచ్చేది. పొడి గాలికి నయమవుతుందని సింధ్‌లోని బంధువుల ఇంటికి పంపారు. 1913లో మెట్రిక్ అతికష్టం మీద గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో మొదటి ఏడాదే చదువు వదిలేసి, బర్మాలోని టవాయ్‌లో కుటుంబం నడిపే గనులు, కలప వ్యాపారం చూడటానికి వెళ్ళారు. వ్యాపారం కలిసిరాలేదు గానీ, చుట్టూ ఉన్న అడవులు ఆయన కళ్ళకు పదును పెట్టాయి.

1917లో తిరిగొచ్చాక ఒకవైపు కామర్స్ చదువుతూనే, ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జువాలజీ తరగతులకూ వెళ్ళారు. 1918లో తెహ్మీనాతో పెళ్ళయింది. కానీ యూనివర్సిటీ డిగ్రీ చేతికి రాలేదు. తర్వాత జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం ఖాళీ పడినా, డిగ్రీ లేని కారణంగానే అది ఆయనకు దక్కలేదు. కాబట్టి చదువు మానేస్తే గొప్పవాళ్ళవుతారని చెప్పే కథ కాదిది. చదువు లోటు ఆయనకు ఖరీదుగానే పడింది. ఆ లోటు పూడ్చుకోవడానికి కూడా ఆయనే దారి వెతుక్కున్నారు.

1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో వచ్చినవారికి వివరించి చెప్పే గైడ్ లెక్చరర్‌గా చేరారు. రెండేళ్ళకే తనకు శాస్త్రీయ శిక్షణ చాలదనిపించి, సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళి అక్కడి మ్యూజియంలో ప్రొఫెసర్ ఎర్విన్ స్ట్రెసెమాన్ దగ్గర పని నేర్చుకున్నారు. 1930లో తిరిగొచ్చేసరికి డబ్బులేక ఆ ఉద్యోగాన్నే తీసేశారు.

గూటి కింద గడిపిన నెలలు

భార్యాభర్తలు ఖర్చు తగ్గించుకోవడానికి అలీబాగ్ దగ్గర కిహిమ్ అనే సముద్రతీర గ్రామానికి మకాం మార్చారు. అది వానాకాలం. ఇంటి దగ్గరి చెట్ల మీద గిజిగాళ్ళు గూళ్ళు కడుతున్నాయి. సలీం అలీ మాటు వేసుకుని కూర్చుని, ఏ పక్షి ఎప్పుడు ఏం చేస్తోందో రోజూ నోటుపుస్తకంలో రాసుకున్నారు.

మన తాటిచెట్ల మీద జరిగేదే అక్కడా జరిగింది. గూడు అల్లేది మగపక్షి. వరి ఆకులు, తాటాకుల నుంచి సన్నని పోచలు చీల్చి తెచ్చి, సగం వరకు అల్లి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపక్షిని పిలుస్తుంది. ఆడపక్షి వచ్చి లోపల కూర్చుని పరీక్షిస్తుంది. నచ్చితేనే మగపక్షి కింద గొట్టంలాంటి దారి కట్టి గూడు పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ గూడు అలా సగంలో ఆగిపోతుంది. ఒక ఆడపక్షి గుడ్లు పెట్టాక, మగపక్షి పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో జతను వెతుక్కుంటుంది. ఈ క్రమాన్ని ఆయన స్పష్టంగా రాసి పెట్టారు. పక్షిశాస్త్రవేత్తగా ఆయనకు పేరు తెచ్చిన తొలి పరిశోధనల్లో ఇదొకటి.

కృష్ణమ్మ దాటి వచ్చే కొండల్లో

జీతమిచ్చేవారు లేకపోవడంతో ఆయన సంస్థానాలకు ఒక ప్రతిపాదన పంపారు. క్యాంపు ఖర్చులు పెట్టుకుంటే చాలు, మీ రాజ్యంలో ఏయే పక్షులున్నాయో జీతం లేకుండా సర్వే చేసిపెడతానని. ముందుగా ఒప్పుకున్నవాటిలో ఒకటి నిజాం ప్రభుత్వం. అలా 1931లో హైదరాబాద్ సంస్థానం సర్వే మొదలైంది.

మన కాలువల్లో పారే కృష్ణ నీళ్ళు హంసలదీవి చేరేలోపు నల్లమల లోయల్లోంచి వస్తాయి. ఆ నదికి ఉత్తరాన ఉన్న అమ్రాబాద్ పీఠభూమిలో మన్ననూరు, ఫరహాబాద్ ప్రాంతాలు ఆయన సర్వేలో ఉన్నాయి. చెంచులు తరతరాలుగా ఉంటున్న అడవులవి. గుడారాల్లో మకాం. ఏ పక్షి ఎక్కడ కనిపించింది, ఏం తింటుంది, ఏ నెలలో గుడ్లు పెడుతుంది అన్నీ రాసుకోవాలి. కొన్ని పక్షుల్ని కాల్చి నమూనాలుగా భద్రపరచడం ఆనాటి పద్ధతి, అదీ చేశారు. ఇంగ్లండ్‌లో కొంతకాలం పెరిగి సౌకర్యాలకు అలవాటుపడిన తెహ్మీనా ఆ అడవి క్యాంపుల్లో ఆయనకు తోడున్నారు. సర్వే ఫలితాలు 1933-34లో సొసైటీ పత్రికలో భాగాలుగా వచ్చాయి. ఆ తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్ కొండల్లోనూ అలాగే తిరిగారు.

1939లో చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా కన్నుమూశారు. ఆ దెబ్బ నుంచి తేరుకుని, 1941లో మామూలు పాఠకులకు అర్థమయ్యేలా బొమ్మలతో భారతీయ పక్షుల పుస్తకం తెచ్చారు. ఎంతోమంది పక్షుల్ని గుర్తుపట్టడం నేర్చుకున్నది దానితోనే. అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లేతో కలిసి 1964 నుంచి 1974 వరకు పది సంపుటాల గ్రంథం వెలువరించారు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు.

కలివికోడి దొరికిన ఏడాది

చివరి రోజుల్లో ఒక మంచి కబురు మన రాష్ట్రం నుంచే అందింది. 19వ శతాబ్దంలో జెర్డాన్ అనే వైద్యుడు మొదట నమోదు చేసిన ఒక పక్షి 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దాన్ని మళ్ళీ కనుగొన్నారు. దారి చూపింది పుస్తకాలు కాదు, స్థానికులు. పొదల మధ్య రాత్రిపూట తిరిగే ఆ పక్షి వాళ్ళకు ముందే తెలుసు, దానికి కలివికోడి అని పేరు కూడా ఉంది. ఎనభై ఆరేళ్ళుగా శాస్త్రవేత్తలు వెతుకుతున్నది పల్లెవాసులను అడిగితే దొరికింది. ఆ మరుసటి ఏడాది, 1987 జూన్ 20న, తొంభై ఏళ్ళ వయసులో సలీం అలీ బొంబాయిలో కన్నుమూశారు.

మన ఇంట్లో ఏం చేద్దాం?

ఆ పసుపు మచ్చ పిచ్చుకతో పిల్లవాడు ఇంటికొచ్చినప్పుడు, చేతులు కడుక్కుని పుస్తకం తియ్యమని ఉంటే అక్కడితో అయిపోయేది. పరీక్షల హడావిడిలో మనం చాలాసార్లు చేసేది అదే. మేనమామ గారు పెద్దగా చేసిందేమీ లేదు. తనకు తెలియదని ఒప్పుకుని, తెలిసినవారి దగ్గరకు పంపారు.

ఈ సెలవుల్లో మనమూ ప్రయత్నించవచ్చు. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతుల్ని (పెలికాన్లను) చూడవచ్చు. కోడూరు, నాగాయలంక వైపు మడ అడవులున్నాయి. కాస్త దూరమైనా వెళ్ళగలిగితే మన్ననూరు నుంచి ఫరహాబాద్‌కు అటవీ శాఖ సఫారీ ఉంది. ఎక్కడికీ కుదరకపోతే ఆదివారం ఉదయం గిజిగాడి గూళ్ళున్న ఒక చెట్టు కింద పిల్లలతో అరగంట నిలబడండి. మగపక్షి ఎన్నిసార్లు పోచ తెచ్చిందో లెక్కపెట్టి రాసుకోమనండి. సగంలో ఆగిన గూడు కనిపిస్తే అది ఎందుకు ఆగిందో ముందుగా వాళ్ళనే ఊహించనివ్వండి.